తిరుత్తణిలో ఎవరూ గెలవని కబడ్డీ

తిరుత్తణి వెళ్ళొచ్చానని చెప్పగానే తెనాలిలో మా వీధివాళ్ళందరూ ముందు నా జడ వంక చూశారు. సుబ్రహ్మణ్యస్వామి కొండకి మొక్కు లేకుండా ఎవరైనా వెళ్తారంటే నమ్మరు. జడ జడలాగే ఉంది. నేను వెళ్ళింది మా పిన్నితో, మూడు చేతిబొమ్మలతో, నాలుగు రోజులకి. పిల్లల ఆటలో ఒక గొడవ రాకుండా చూడాలని వెళ్ళాం. గొడవ రాలేదు గానీ, దాని బదులు ఇంకోటి తెచ్చిపెట్టాం. అది సర్దుకునేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి. అడిగిన ప్రతివాళ్ళకీ నోటితో చెప్పడం నాకు చేతకాదు కాబట్టి డైరీ ముందు పెట్టుకుని రాస్తున్నాను.

మా పిన్ని ఒకప్పుడు బళ్ళో పాఠాలు చెప్పేది. ఇప్పుడు బడి బడికీ తిరిగి బొమ్మలు ఆడిస్తుంది. కాగితపు గుజ్జుతో చేసిన తల, కింద గుడ్డ సంచి. చూపుడువేలు తలలో, బొటనవేలూ మధ్యవేలూ చెరో చేతిలో. బొమ్మలకి కాళ్ళుండవు. రెండు కుర్చీల మధ్య పాత చీర తెరగా కట్టి, దాని వెనక నేల మీద కూర్చుని, చేతులు పైకెత్తి ఆడించాలి. పిన్నితో ఆడే అమ్మాయి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. ఇంకో చెయ్యి కావాలని నన్ను లాక్కెళ్ళింది. నేను ఒక్కటే షరతు పెట్టాను: నేను మాట్లాడను.

"మాట్లాడకులేవే. గొంతులన్నీ నావి. నువ్వు చెయ్యి ఊపు చాలు," అంది.

తిరువళ్ళూరు: వాన లాంటి సాంబారు

తిరువళ్ళూరులో దిగగానే ఆకలి. స్టేషను బయట టిఫిను హోటల్లో పొంగలి చెప్పాం. యాభై రూపాయలు. అరిటాకు ముక్క మీద ముద్ద పెట్టి, నడుమ గుంట చేసి, నేను వద్దనేలోపే సాంబారు పోసేశారు. మా వైపు సాంబారు పక్కన గిన్నెలో వస్తుంది, మనకి కావలసినంత ముంచుకుంటాం. ఇక్కడ అది వాన లాంటిది. ఎప్పుడు పడుతుందో, ఎంత పడుతుందో మన చేతిలో లేదు. నేను మిరియాలు ఏరి పక్కన పెడుతుంటే వడ్డించే పెద్దాయన ఆగాడు. మా మాటలు విని, అప్పటిదాకా తమిళంలో ఉన్న గొంతు తెలుగులోకి దిగింది.

"తెలుగోళ్ళా? ముందే చెప్పకూడదా! మిరియం తీసెయ్యాక తల్లీ, దాంట్లోనే ఉండాది రుచంతా." తీసెయ్యాక అంటే తీసెయ్యొద్దని అర్థమవడానికి నాకు క్షణం పట్టింది.

"మీరూ తెలుగువాళ్ళేనా?" అంది పిన్ని.

"ఈ ఊర్లోనే పుట్టినోళ్ళం. మా తాత, ఆయన తాత, అందరూ ఈడనే. ఇంట్లో తెలుగు, బయట అరవం." నా పక్కన తెరిచి ఉన్న డైరీ వంక తల వంచి చూశాడు. "చదివేదానికి మాత్రం రాదు. మీ అక్షరాలు చూస్తే నాకు జిలేబీలు గుర్తుకొస్తాయి."

ఆయన అటు వెళ్ళగానే నేను ఏరిన మిరియాల్లో ఒకటి తిన్నాను. కళ్ళనీళ్ళు తిరిగాయి. మిగతావి మర్యాదగా ఆకు మడతలో దాచాను.

బయట మల్లెపూలు మూర ముప్పై. మా ఊళ్ళో పూలమ్మేవాళ్ళ మూర మోచేతి దగ్గర మొదలై మణికట్టు దగ్గరే అయిపోతుంది. ఇక్కడి ఆవిడ వేలి చివరిదాకా కొలిచి, పైన ఇంకో బెత్తెడు వదిలింది. డైరీలో దీని కింద రెండు గీతలు గీశాను.

మమ్మల్ని పిలిచిన మునిరత్నం మాస్టారు అక్కడికే వచ్చారు. తిరుత్తణిలో డ్రిల్లు మాస్టారు. మెడలో ఈల, ఆ ఈల తాడుకి మళ్ళీ ఒక దారం, ఆ దారం చొక్కా గుండీకి కట్టి ఉంది. ఇంత భద్రం దేనికో కాఫీ తాగుతూ ఆయనే చెప్పారు.

తిరుత్తణిలో నేతపనివాళ్ళవి పైవీధి, కిందివీధి అని రెండు వీధులున్నాయి. అందరూ తెలుగువాళ్ళే. రెండు వీధులకీ మధ్య పొడుగాటి ఖాళీ స్థలం. మగ్గానికి ఎక్కించే ముందు పడుగు నూలు బారుగా చాచి గంజి పట్టించేది అక్కడే. పడుగు లేనప్పుడు అది పిల్లలది. ఏటా ఒకసారి రెండు వీధుల ఆడపిల్లలకీ అక్కడ కబడ్డీ పోటీ జరుగుతుంది.

"పోయిన ఏడు తులసి అని కిందివీధి పాప కూతకు పోయింది అక్కా. వెనక్కి వస్తా గీత తాకిందా లేదా అని అనుమానం. సరి, ఈల ఊదుదామని చూస్తే ఈల నా నోట్లో లేదు."

"ఎక్కడికి పోయింది?"

"పైవీధి ఆయనొకడు లాక్కున్నాడు. కిందివీధి ఆయన వాని చొక్కా పట్టినాడు. అంతే, ఇంగ ఎవురు ఎవుర్ని కొడతా ఉండారో తెలీలేదు."

"అంటే కొట్టుకుంది పిల్లలు కాదా?"

"పిల్లోళ్ళు మొదలుపెట్టినారు, నాయనలు అందుకున్నారు. ఒక అవ్వ కూడా ఉండాది దాంట్లో." కాసేపు కాఫీ ఊదుకున్నారు. "మా అమ్మే."

పిన్ని నవ్వు ఆపుకోవడానికి పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వాక అక్కా. పెద్దోళ్ళు చెప్పేసినారు. ఈ ఆదివారం ఒక్కసారి. ఆట ఆఖరిదాకా సరిగ్గా జరిగిందా, సరి. లేదంటే ఆ స్థలం పిల్లోళ్ళకి ఇంగ లేదు. దినమంతా పడుగే. నాకు పెద్ద పెద్ద కథలొద్దు. ఓడిపోయిన పిల్లోళ్ళు గమ్మున చెయ్యి కలిపి ఇంటికి పోవాల. ఆ మాదిరి ఒక ఆట ఆడి చూపించు చాలు. పోయే దారిలో రెండు బడులు మాట్లాడినా. ఆడ చెయ్యి తిప్పుకోండి."

కడంబత్తూరు: తలకాయ పడిపోయింది

మాస్టారి అత్తవారి ఊరు కడంబత్తూరు. శుక్రవారం పొద్దున రైలు దిగి వాళ్ళింటికి వెళ్తే, ఆటకంటే ముందు రాగి సంగటి పెట్టారు. పక్కన వేరుశెనగ పచ్చడి. మా వైపు సంగటి పేరు చెప్తే షుగరు ఉందా అని అడుగుతారు. ఇక్కడ అదే భోజనం. నేను ముద్దని నముల్తుంటే ఆ ఇంటావిడ చూసి చూసి, "నమలాక పాపా, మింగు. సంగటి కోపం చేసుకుంటాది," అంది. మింగాను. నిజంగానే రుచి మారింది. ఆవిడ నాతో, "మీరు మాట్లాడతా ఉంటే టీవీలో వార్తలు విన్నట్టే ఉండాది," అని కూడా అంది. నేను అప్పటికి మూడే మాటలు మాట్లాడాను.

బడి వరండాలో తెర కట్టాం. పిల్లల్లో సగం మంది తమిళం వాళ్ళు. బొమ్మ కింద పడటానికి భాష అక్కర్లేదు కాబట్టి ఇబ్బంది లేకపోయింది.

ఆట చిన్నది. పిన్ని కుడిచేతిలో బుడంకాయ: ఆకుపచ్చ చొక్కా, కొంటె మొహం. ఎడమచేతిలో ఈల వేసే తాత. నా చేతిలో గుమ్మడి: పసుపు చొక్కా, గుండ్రటి తల. బుడంకాయ "కబడ్డీ కబడ్డీ" అంటూ వస్తాడు. గుమ్మడి పట్టేస్తాడు. బుడంకాయ ఓడిపోతాడు. ఇక్కడే పిన్ని పనితనమంతా ఉంది. బుడంకాయ ఒక్కసారిగా పడడు. ముందు తల వేలాడుతుంది, తర్వాత నడుం విరుగుతుంది, చీర అంచు మీద బట్ట ఆరేసినట్టు వాలిపోయి, మళ్ళీ లేచి, ఇంకోవైపు పడతాడు. ఆ తర్వాత దుమ్ము దులుపుకుని, "బాగా ఆడావు గుమ్మడీ! నేను ఓడిపోయాను. అయినా నాకు కోపం లేదు," అని చెయ్యి కలుపుతాడు. తాత అతని మెడలో బంతిపూల దండ వేసి, నిజం మురుకు ఒకటి చేతికిస్తాడు. అంతసేపూ గుమ్మడి రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉంటాడు.

పిల్లలు విరగబడి నవ్వారు. బుడంకాయ మూడోసారి పడినప్పుడు నేనూ నవ్వాను. నవ్వులో వేలు జారి, గుమ్మడి తల ఊడి తెర అవతల ముందు వరసలో పడింది. నా చేతికి తల లేని చొక్కా, అది ఇంకా చేతులు పైకెత్తే ఉంది.

తెర పక్కనుంచి ఒక చిన్నపిల్ల వచ్చింది. కుడిచేతిలో తల, ఎడమచేత్తో తన కుడి మోచేతిని తాకుతూ, గుళ్ళో ప్రసాదం అందించినట్టు అందించింది. "తలకాయ పడిపోయింది," అంది చాలా గౌరవంగా. పెద్దవాళ్ళకి ఏదిచ్చినా ఇక్కడి పిల్లలు ఇలాగే ఇస్తారట. గుమ్మడికి అంత మర్యాద దక్కడం అదే మొదటిసారి. అదే ఆఖరు కూడానేమో అనుకున్నాను.

తిరువాలంగాడు: గీత దగ్గర ఆగిన పరుగు

శనివారం పొద్దున తిరువాలంగాడులో ఆట ఇంకా బాగా కుదిరింది. అయ్యాక అక్కడి టీచరమ్మ పిల్లలకి పరుగుపందెం పెట్టింది. ఆరుగురు పరిగెత్తారు. గీతకి మూరెడు దూరంలో ఆరుగురూ ఠక్కున ఆగిపోయారు.

"నువ్వు పో."

"లేదు లేదు, నువ్వే పో."

"నేను ఓడిపోతానంటిని గదా. పో!"

ఒకడు వెల్లకిలా పడిపోయి, లేచి, అచ్చం బుడంకాయలా ఇంకోవైపు పడ్డాడు. టీచరమ్మ నవ్వింది. పిన్ని కళ్ళొత్తుకుంది. "చూశావుటే, ఎంత తొందరగా పట్టుకున్నారో!" స్టేషనులో ఇరవై రూపాయలకి పొట్లం నిండా ఉడికించిన వేరుశెనక్కాయలు కొనిపెట్టింది. మేం గొప్ప పని చేశామని ఇద్దరం వొలుచుకుంటూ తిన్నాం. డైరీలో ఆ రోజు పేజీ పైన "విజయం" అని రాశాను. ఇప్పుడు చూస్తే దాని మీద కాయ ఉప్పునీళ్ళ మరక ఉంది.

తిరుత్తణి: పెండ్లిచూపుల్లాంటి ఆట

నేతవీధిలోకి వెళ్ళగానే ముందు చెవులకి తెలుస్తుంది. ఇంటింటా మగ్గం టకటక. కొన్ని ఇళ్ళలో కరెంటు మగ్గాలు, వాటి హోరుకి మనుషులు గట్టిగట్టిగా మాట్లాడుకుంటారు. మామూలుగా "అన్నం తిన్నారా" అని అడిగినా నన్ను కసిరినట్టే వినిపించి రెండుసార్లు ఉలిక్కిపడ్డాను. అడిగింది మునిరత్నం మాస్టారి అమ్మగారు. సన్నగా, చీపురుపుల్లలా ఉన్నారు. పోయినేడు కొట్లాటలో ఎవరి చొక్కా చించారో ఆవిడే సంతోషంగా చెప్పారు.

"వాడు నా కొడుకు ఈల పెరుక్కుంటే చూస్తా ఊరకుంటానా మే?" మా వైపు 'ఏమే' అన్నట్టు, ఇక్కడ ఆడపిల్లల్ని 'మే' అంటారు.

సాయంత్రం ఆ ఖాళీ స్థలంలోనే తెర కట్టాం. రెండు వీధుల పిల్లలూ ఎదురెదురుగా కూర్చున్నారు. వాళ్ళ వెనక పెద్దవాళ్ళు. ఆట అయ్యేసరికి ఎదురెదురుగా ఉన్నవాళ్ళు కలిసిపోయి నవ్వుతున్నారు. మాస్టారు మాకు దూరం నుంచే దణ్ణం పెట్టి, "ఇంగ రేపటికి ఒకసారి ఆడి చూడండి," అని రెండు జట్లనీ దింపారు.

పైవీధి పాప కూతకు వెళ్ళింది. నేరుగా అవతలి జట్టు మధ్యకి వెళ్ళి నిలబడి, "పట్టుకోండి," అంది. వాళ్ళు పట్టుకోలేదు. "నువ్వే తాకి పో," అన్నారు. ఆమె తాకలేదు. కూత ఆగిపోయింది. అందరూ చప్పట్లు. తర్వాత కిందివీధి పాప వెళ్ళి తనంతట తానే కింద పడింది. పట్టాల్సిన వాళ్ళు లేపి దుమ్ము దులిపారు. ఇలా పావుగంట జరిగింది. ఒక్క పాయింటు రాలేదు.

"ఇది సడుగుడా? పెండ్లిచూపులా?" అని అరిచారు మాస్టారు. చెడుగుడుని ఇక్కడ అలా అంటారు.

మొదట నవ్విన పెద్దవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. వాళ్ళలో ఒక పెద్దాయన మాస్టారి దగ్గరికొచ్చి మెల్లగా, మర్యాదగానే అన్నాడు. "ఆడేదానికి పిల్లోళ్ళకే ఇష్టం లేనట్టుండాది. రేపు ఇదే మాదిరి అయితే, మాకు స్థలం ఇచ్చెయ్యి అయ్యా. నూలు కాచుకోనుండాది."

చివరి కూతకి పొడుగ్గా, సన్నగా ఉన్న పిల్ల వెళ్ళింది. ఎదుటి జట్టులో నలుగురు చేతులు కట్టుకుని, తాకించుకోవడానికి వరసగా నిలబడ్డారు. ఆ పిల్ల వాళ్ళని చూసింది. కూత మధ్యలో ఆపేసి, ఎవర్నీ తాకకుండా, నడుచుకుంటూ బయటికొచ్చేసింది. సరాసరి మా తెర వెనక్కి వచ్చింది. అదే తులసి.

"మీవల్లనే అంతా," అంది.

పిన్ని బొమ్మలు సర్దుతూ ఆగింది. "ఏమైందమ్మా? మర్యాదగా ఆడారు కదా అందరూ."

"ఇది మర్యాదా పెద్దమ్మా?" పిన్నికి పెద్దమ్మ అంటే ఒళ్ళు మంట. అయినా ఏమీ అనలేదు, ఎందుకంటే ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు నిలిచున్నాయి. "పోయిన ఏడు నా కూత మధ్యలోనే ఆట నిలిపేసినారు. ఒక సంవత్సరం కాచుకోనుండా నేను. వచ్చే ఏడు నాకు పద్నాలుగు. జట్టులో పెట్టుకోరు. ఈసారి ఆఖరిదాకా ఆడాల. వాళ్ళు నన్ను అయ్యో పావం అని విడిచిపెడతా ఉండారు. నేనేమన్నా చంటిబిడ్డనా?"

తులసి నా ఒళ్ళో ఉన్న గుమ్మడిని తీసుకుని తిప్పి చూసింది.

"ఈయనకి నోరు లేదా అక్కా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"ఓడిపోయినాయన ఎన్ని మాట్లాడినాడు! ఎంత బాగా పడినాడు! దండ వేసినారు, మురుకు ఇచ్చినారు. గెలిచినాయన కరెంటు స్తంభం మాదిరి నిలబడినాడు. ఇంగ గెలుపు ఎవురికి కావాల?"

బొమ్మని నా ఒళ్ళో పెట్టేసి వెళ్ళిపోయింది.

కొండ మెట్లు

ఆదివారం తెల్లారగానే కొండెక్కాం. మెట్లు మూడువందల అరవై ఐదు, ఏడాదికి రోజుకొకటి చొప్పున అంటారు. నేను లెక్కపెడుతూ వేసవి సెలవుల దాకా వచ్చేసరికి పిన్ని కూర్చుండిపోయింది. కావడి భుజాన వేసుకున్న ఒకాయన మమ్మల్ని దాటుతూ "కూచోకండమ్మా, కూచుంటే కాళ్ళు పట్టేస్తాయి" అని, రెండు మెట్లు పైన తానే కూర్చున్నాడు. మజ్జిగ గ్లాసు పదిహేను. అల్లం, కరివేపాకు దంచి వేశారు. మా మజ్జిగ దీని ముందు తెల్లనీళ్ళు.

"తప్పు నాదేనే," అంది పిన్ని. "బుడంకాయ పడటం నాకు బాగా వచ్చు. వచ్చింది కదా అని ఆటంతా దాని మీదే కట్టాను. గుమ్మడి సంగతే ఆలోచించలేదు."

గుమ్మడి నా చేతిలో ఉన్నాడు. గుమ్మడికి మాట లేనిది నాకు మాట లేకపోవడం వల్లే. ఈ మాట పిన్ని అనలేదు. అనకపోవడం ఇంకా కష్టంగా ఉంది.

"నువ్వే చెప్పరాదూ గుమ్మడి మాటలు కూడా?" అన్నాను.

"ఒకటి రెండు మాటలైతే సరే. వేలు నీదీ గొంతు నాదీ అయితే, తల ఊగేది ఒకచోట, మాట పడేది ఇంకోచోట. పిల్లలు ఇట్టే పట్టేస్తారు. తలలో వేలు ఎవరిదో మాటా వాళ్ళదే కావాలే."

అక్కడే మెట్టు మీద డైరీ తీసి గుమ్మడికి మాటలు రాశాను. చదివి పిన్ని అంది: "ఇతను గెలిచిన ఆటగాడా, సభకి అధ్యక్షుడా?" కొట్టేశాను. మళ్ళీ రాశాను. అదీ పుస్తకంలా ఉంది. గెలిచినవాళ్ళు ఏం మాట్లాడతారో నాకేం తెలుసు? నేను ఎప్పుడూ ఏ పోటీకీ పేరివ్వలేదు.

దిగి వచ్చాక, ఆటస్థలంలో గీతలకి ముగ్గు పోస్తున్న తులసి దగ్గరికి వెళ్ళాను. డైరీ తెరిచి పట్టుకుని అడిగాను. "నువ్వు గెలిస్తే, ఓడిన వాళ్ళకి ఏం చెప్తావ్?"

తల కూడా ఎత్తలేదు. "ఏముండాది చెప్పేదానికి? వాళ్ళు నన్ను యాడ కష్టపెట్టినారో అది చెప్తా. ఉత్తగా 'బాగా ఆడినావు' అంటే ఆట చూడనోళ్ళు కూడా అంటారు."

డైరీలో రాసిన రెండు పేజీలూ అక్కడే చింపేశాను.

పడుగు తీసిన నేల

పది గంటలకి రెండు వీధులూ వచ్చేశాయి. మాస్టారు ఈల దారానికి ఇంకో ముడి వేసుకున్నారు. వాళ్ళమ్మగారు ముందు వరసలో కుర్చీ వేయించుకున్నారు. పోటీకి ముందు ఐదు నిమిషాలు బొమ్మలు.

బుడంకాయ వచ్చాడు, గుమ్మడితో పెనుగులాడి పట్టుబడ్డాడు, ఒక్కసారే పడ్డాడు. ఈసారి దండా లేదు, మురుకూ లేదు. తర్వాత గుమ్మడి మాట్లాడాలి. నేను నోరు తెరిచాను. కీచుమని ఏదో వచ్చింది. తలుపు బందు చప్పుడు లాంటిది.

పిల్లలు గొల్లుమన్నారు. "గట్టిగా చెప్పు గుమ్మడీ! వినపడలేదు!"

పిన్ని మోకాలితో నా మోకాలిని పొడిచింది. కళ్ళు మూసుకుని అన్నాను: "ఒరేయ్ బుడంకాయ్! నువ్వు నా కాలు పట్టుకున్నావే, ఇప్పటికీ నొప్పిగా ఉంది!"

"నీకు కాలే లేదు గదా!" అని ముందు వరసలోంచి ఒకరు అరిచారు.

డైరీలో ఎక్కడా లేని మాట, ఎలా వచ్చిందో తెలీదు: "లేకపోయినా నొప్పెట్టింది! అంత గట్టిగా పట్టుకున్నాడు!"

నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. నా కళ్ళు ఎప్పుడు తెరుచుకున్నాయో నాకు తెలీదు. గుమ్మడి బుడంకాయ దగ్గరికి వెళ్ళి, ఏ పట్టు దగ్గర తను భయపడ్డాడో, ఎక్కడ బుడంకాయ జారిపోతాడనుకున్నాడో ఒక్కొక్కటే చెప్పాడు. "నన్ను ఊరికే గెలవనిచ్చి ఉంటే నేను ఇంటికెళ్ళి ఏడ్చేవాణ్ణి," అన్నాడు. నా వేలు తలని ఊపింది, మాట అక్కడే పడింది. అవతల నవ్వులు తగ్గి, వినడం మొదలైంది. తెర వెనక కూర్చున్నా అది తెలుస్తుంది.

తర్వాత ఆట.

నేను ఆటలు చూసి రాయగలిగినదాన్ని కాదు. మొదటి కూతలోనే పైవీధి పిల్లలు నలుగురు కలిసి కిందివీధి పాపని ఎత్తి పడేశారని, ఆ పాప లేచి నవ్వుతూ మోచెయ్యి తుడుచుకుందని మాత్రం చెప్పగలను. పైవీధి నాయకురాలు రేవతి, బొద్దుగా, బండలా ఉంటుంది. పట్టిందంటే విడవదు. తులసిని రెండుసార్లు పట్టింది. మూడోసారి తులసి చెయ్యి విదిలించుకుని పాములా జారిపోయింది. కిందివీధి మొత్తం గాల్లోకి లేచింది. మాస్టారి అమ్మగారు కుర్చీ ఎక్కి నిలబడ్డారు.

చివరికి పైవీధి ఒక్క పాయింటు ముందుంది. ఆఖరి కూత. తులసి.

వెళ్ళింది. ఇద్దర్ని తాకింది. తిరిగి వస్తుంటే రేవతి వెనకనుంచి నడుం పట్టేసింది. ఆ వెనకే మిగతా వాళ్ళు మీద పడ్డారు. ఏడుగురు పిల్లలు ఒక్క కుప్ప. ఆ కుప్పలోంచి తులసి చెయ్యి ఒక్కటే నడిగీత వైపు చాచి ఉంది.

"తాకింది!" అని కిందివీధి. "తాకలేదు!" అని పైవీధి. పోయినేడు చొక్కా చిరిగినాయన ముగ్గుగీత దాటి లోపలికి అడుగేశాడు. ఎదుటి వీధినుంచి ఇద్దరు లేచారు. మాస్టారు ఈల రెండు చేతులతో పట్టుకున్నారు. అయిపోయిందనుకున్నాను.

కుప్ప అడుగునుంచి తులసి గొంతు వచ్చింది. "ఎవురూ కదలాకండి! చెయ్యి యాడుండాదో ఆడనే ఉంటాది. సార్ వచ్చి చూడనీ!"

పైనుంచి రేవతి అరిచింది. "కదిలితే తంతా! నాయనా, నువ్వు బయటికి పో! నీ నీడ పడి గీత కనపడలేదు!"

లోపలికొచ్చిన రేవతి నాన్న తన నీడ వంక చూసుకుని, రెండడుగులు వెనక్కి వేశాడు. ఏడుగురూ అలాగే ఉన్నారు. ఊపిరికి కుప్ప పైకీ కిందికీ కదులుతోంది. "నా జడ విడువు మే," అని ఎవరో సన్నగా అన్నారు. "విడిస్తే కదులుతా," అని ఇంకొకరు. మాస్టారు వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, తర్వాత పొట్ట మీద పడుకుని చూశారు. రెండు వీధులూ ఆయన వీపు వంక చూస్తూ నిలబడ్డాయి. ఆ సమయంలో ఏ ఇంటి మగ్గమూ ఆడటం లేదని గమనించాను.

తులసి నడివేలికీ గీతకీ మధ్య ఒక్క వేలెడు నేల ఉంది.

"తాకలేదు," అన్నారు మాస్టారు. మెల్లగానే అన్నా అందరికీ వినపడింది. ఈల ఊదారు. పైవీధి గెలిచింది. ఆట ముగిసింది.

ముగిశాక ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. గెలిచినవాళ్ళు కూడా అరవలేదు. తులసి లేచి కూర్చుని, ముక్కు చేతివెనకతో తుడుచుకుంటూ ఏడుస్తోంది. దాచుకోవడం లేదు. రేవతి ఎదురుగా నిలబడి కాసేపు కాళ్ళు మార్చుకుంది.

"మూడోసారి చెయ్యి విదిలించినావే," అంది చివరికి. "నా పట్టు ఇంతవరకూ ఎవురూ విడిపించుకోలేదు. అది యాడ నేర్చినావ్?"

"చెప్పను. పో."

అందరూ నవ్వారు. తులసి నవ్వలేదు. లేచి, పావడా దులుపుకుని, తన జట్టు వైపు నాలుగడుగులు వేసింది. అక్కడ ఆగింది. ఏడుపు మొహంతోనే వెనక్కి తిరిగి వచ్చి, రేవతి ముందు కుడిచెయ్యి చాచింది. రేవతి అది చేతులు కలపడానికేమో అనుకుని వేళ్ళు పట్టుకోబోయింది.

"అట్ల కాదు. మణికట్టు పట్టు."

రేవతి పట్టింది. తులసి మోచెయ్యి కిందికి తిప్పి లాగింది. చెయ్యి పట్టులోంచి ఊడి వచ్చేసింది. రేవతి తన ఖాళీ చేతి వంక చూసుకుంది.

పడుగు గుంజలు భుజాన వేసుకుని అప్పటికే ఇద్దరు వచ్చి నిలబడ్డారు, నేల ఎప్పుడు ఖాళీ అవుతుందా అని. నిన్న స్థలం ఇచ్చెయ్యమన్న పెద్దాయన వాళ్ళ వైపు చెయ్యెత్తి, ఉండమన్నట్టు చూపించాడు. వాళ్ళు గుంజలు దించి, వాటి మీదే కూర్చున్నారు.

నేల మధ్యలో తులసి మళ్ళీ చెయ్యి చాచింది.

"ఇంగొకసారి. గట్టిగా పట్టు."